విప్పండి.. కానీ మళ్ళీ బిగించగలిగినంతవరకే

పాత వస్తువుల్ని బాగుచేయడం గురించి మనవాళ్ళలో రెండు మతాలున్నాయి. మొదటి మతం వాళ్ళు "అమ్మో, దాన్ని ముట్టుకోకండి, తెలిసినవాళ్ళకివ్వండి" అంటారు. రెండో మతం వాళ్ళు పది నిమిషాల వీడియో ఒకటి చూసి, స్క్రూడ్రైవరు పట్టుకుని, సాయంత్రానికల్లా కొత్తదానిలా మెరిపించేస్తామంటారు. పాత జంట కటకాల ఫిల్ము కెమెరాల విషయంలో ఈ ఇద్దరివల్లా నష్టమే జరుగుతోందని నా అభిప్రాయం. మొదటివాళ్ళ వల్ల కెమెరాలు అటకమీద బూజుపట్టి పోతున్నాయి. రెండోవాళ్ళ వల్ల బల్లమీదే పోతున్నాయి.

నా మటుకు నాకు, ఈ కెమెరాల్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ ఒకటే షరతు. మనం చేసిన పనిని మన తర్వాత దాన్ని విప్పేవాడు వెనక్కి తీసుకోగలగాలి. అలా తీసుకోలేని పని ఎంత అందంగా ఉన్నా అది మరమ్మతు కాదు, నెమ్మదిగా చంపడం.

ముందుగా ఈ కెమెరా తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నిలువుగా ఉండే ఒక డబ్బా, దాని ముఖాన ఒకదానిమీద ఒకటి రెండు కటకాలు. కిందది ఫోటో తీస్తుంది. పైది కేవలం మనం చూసుకోడానికి. పై కటకంలోంచి వచ్చిన వెలుతురు లోపల 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం మీద పడి, పైనున్న గరుకు గాజుపలక మీద బొమ్మ కడుతుంది. కెమెరా మెడలో వేసుకుని, తల వంచి ఆ బొమ్మని చూడ్డమే. కుడి ఎడమలు మాత్రం తారుమారుగా కనిపిస్తాయి. రెండు కటకాలూ ఒకే పలకకి బిగించి, ఒకేసారి ముందుకీ వెనక్కీ జరుగుతాయి గనుక, పైన బొమ్మ స్పష్టంగా ఉంటే కింద ఫిల్ము మీద కూడా స్పష్టంగా పడుతుంది. ఈ "గనుక" మీదే కెమెరా మొత్తం ఆధారపడి ఉంది. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు పెట్టిన కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్‌ని మార్కెట్లోకి తెచ్చింది. అది చూసి తర్వాత జపాన్ వాళ్ళు, రష్యావాళ్ళు, చైనావాళ్ళు కూడా అదే పద్ధతిలో చేశారు. షికాగో వీధుల్లో వేలకొద్దీ ఫోటోలు తీసిన వివియన్ మేయర్ చేతిలో ఉన్నది రోలీఫ్లెక్సే. మన ఊళ్ళ స్టూడియోల్లో జపాన్‌వాళ్ళ యాషికాలు కూడా బాగానే తిరిగాయి. మీ అమ్మానాన్నల పెళ్ళి ఆల్బములో నల్ల అట్టల మీద అంటించిన చదరపు నలుపు తెలుపు ఫోటోలుంటే, అవి ఇలాంటి కెమెరాతో తీసినవి అయ్యే అవకాశం చాలా ఉంది. 120 ఫిల్ము, రోలుకి పన్నెండు ఫోటోలు, ఒక్కోటి ఆరు సెంటీమీటర్ల చదరం. ఆ ఫిల్ముని కోడాక్ 1901లో మొదలుపెట్టింది. మన ఊటీలో "ఇందు" పేరుతో ఫిల్ములు చేసిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది గానీ, 120 ఫిల్ము మాత్రం ఇల్‌ఫర్డ్, కోడాక్ పేర్లతో ఈనాటికీ దొరుకుతోంది. అంచేత బాగుపడ్డ కెమెరా అంటే షోకేసులో బొమ్మ కాదు, పనిముట్టు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇహ మరమ్మతు సంగతి. ఉదాహరణకి నా దగ్గరున్న యాషికా-డి నే తీసుకుంటాను. 1958లో మొదలైన మోడలు. బ్యాటరీ లేదు, మీటరు లేదు, సర్క్యూటు లేదు. ఉన్నవల్లా స్ప్రింగులు, పళ్ళచక్రాలు, గాజు, ఇత్తడి, అల్యూమినియం. యాషికా కంపెనీని 1983లో క్యోసెరా కొనేసింది, 2005లో క్యోసెరా కెమెరాలే మానేసింది. అంటే దీన్ని చేసినవాళ్ళు లేరు, విడిభాగాలు లేవు, సర్వీసు సెంటరు లేదు. అయినా బాగుచేయొచ్చు! ఎందుకంటే చేసినవాళ్ళు దాన్ని ఎవరో ఒకరు మళ్ళీ విప్పుతారని అనుకునే చేశారు. ముఖం మీద అంటించిన తోలు పలక మెల్లిగా లేపితే కింద నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీస్తే ముందు రేకు ఊడొస్తుంది. రేకు వెనక షట్టరు. ఏది దేనికోసం ఉందో చూస్తే తెలిసిపోతుంది. పాత కోడ్ చదివే అలవాటున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. రాసినవాడు వెళ్ళిపోయినా ప్రోగ్రాం తన సంగతి తానే చెప్తుంది, ఓపిగ్గా చదివితే.

ఈ కెమెరా నా చేతికి వచ్చేటప్పటికే బాగా దెబ్బతిని ఉంది. ఒక సెకను స్పీడు పెట్టి నొక్కితే రెక్కలు తెరుచుకుని అలాగే ఉండిపోయేవి. కటకం లోపల ఫంగస్. అద్దం మసక. పై మూత ఒక మూల సొట్ట. విప్పి చూస్తే, నాకన్నా ముందు ఇద్దరు మనుషులు అందులోకి వెళ్ళొచ్చిన జాడలు కనిపించాయి.

మొదటాయన షట్టర్‌లో నూనె పోశాడు. కుట్టుమిషన్ నూనె అని వాసనే చెప్తోంది. బహుశా ఆ రోజు షట్టరు చకచకా ఆడి ఉంటుంది, తెచ్చినాయన సంతోషంగా డబ్బులిచ్చి వెళ్ళుంటాడు. ఆ తర్వాత నూనె పాకి, దుమ్ము పట్టి, జిగురైపోయి రెక్కల్ని అంటించేసింది. రెండో ఆయన ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. కటకాన్ని పలకలోంచి తీసేముందు, రింగు మీదా పలక మీదా కలిసేలా సూదితో సన్నటి గీత ఒకటి గీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతలు కలిస్తే చాలు, కటకం తన పాత చోటికి వచ్చినట్టే. ఆ గీత ఆయన కోసమే గీసుకుని ఉండొచ్చు. కానీ ఇన్నేళ్ళ తర్వాత నాకు పనికొచ్చింది.

నేను చెప్పదల్చుకున్నదంతా ఈ ఇద్దరిలోనే ఉంది. ఒకరు ఆ పూటకి పని నడిపించారు. ఇంకొకరు వచ్చేవాడికి దారి వదిలారు.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంటి మరమ్మతుల్లో కెమెరాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఈ కెమెరాల్లో షట్టరు అంటే కటకం మధ్యలో ఉండే పల్చటి ఉక్కు రెక్కలు. వాటికి నూనె అస్సలు తగలకూడదు, పూర్తి పొడిగా ఉండాలి. నెమ్మది స్పీడులు ఆగిపోవడానికి సాధారణంగా కారణం రెక్కలు కాదు, వాటిని ఆలస్యం చేయడానికి పక్కన పెట్టిన చిన్న పళ్ళచక్రాల వరుస. గోడగడియారంలో ఉండేలాంటిదే. అందులో పాత గ్రీజు గట్టిపడుతుంది. దీనికి లైటర్లో పోసే పెట్రోలు నాలుగు చుక్కలు ముందునుంచే వేసేయమని చెప్పేవాళ్ళున్నారు. వేస్తే పనిచేస్తుంది కూడా, ఓ నెల. ఆ పెట్రోలు గ్రీజుని కరిగించి, రెక్కల మీదకి మోసుకెళ్ళి, తాను ఆవిరైపోయి, గ్రీజుని అక్కడే వదిలేస్తుంది. కటకం గాజు మీద కూడా. మురికి పోలేదు, చోటు మారిందంతే.

సరైన పద్ధతి కష్టమేం కాదు, నిదానం. కటకం ముందు భాగం, వెనక భాగం రెండూ తీసి పక్కన పెట్టాలి. షట్టరు ముందు మూత తీయాలి. ఆ చక్రాల వరుసని మాత్రమే తుడిచి, కడిగి, ఆరబెట్టాలి. ఇరుసుల దగ్గర అవసరమైతే గడియారం నూనె సూదిమొన మీద పట్టినంత. రెక్కలకి ఏమీ వద్దు. (పెట్రోలు పని కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.) పాత షట్టర్లలో సెల్ఫ్ టైమరు మీట ఉంటే దాని జోలికి పోవద్దు. అది మధ్యలో ఇరుక్కుంటే మొత్తం షట్టరే ఆగిపోతుంది. అలాగే 1/500 స్పీడు పెట్టాలంటే షట్టరు ఎక్కుపెట్టక ముందే పెట్టాలి, తర్వాత కాదు. ఆ స్పీడుకి అదనంగా ఇంకో స్ప్రింగు పనిచేస్తుంది, ఎక్కుపెట్టాక తిప్పితే అది ఎదురు తిరుగుతుంది.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనకి ఆ పాత మెకానిక్కులకి లేని సదుపాయం ఒకటుంది. సెల్‌ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీసి, షట్టరు ఎన్ని ఫ్రేముల్లో తెరిచి ఉందో లెక్కపెట్టడమే. ఒక సెకను అంటే 240 ఫ్రేములు, 1/30 అంటే ఎనిమిది, 1/60 అంటే నాలుగు. అంతకన్నా వేగమైతే ఈ కొలత నమ్మదగ్గది కాదు. మరి 1/500 అని రాసున్న చోట నిజంగా 1/350 వస్తుంటే? ఏమీ చేయొద్దు! అది అర స్టాపు తేడా. నెగటివు ఫిల్ము ఆ తేడాని మౌనంగా భరిస్తుంది. ఆ అర స్టాపు కోసం స్ప్రింగుని సాగదీసే మహానుభావులున్నారు. సాగిన స్ప్రింగు మళ్ళీ ముడుచుకోదు.

తర్వాత గాజు. ఫంగస్ అంటే మన తీరప్రాంతాల్లో కొత్తగా చెప్పేదేముంది, వానాకాలం ఒక్కటి చాలు. తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే ఇంకా మంచిది (ఫంగస్‌కి). తోలు తేమ పీల్చుకుని వదలదు. పైపైన ఉన్న ఫంగస్ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పోతుంది. మొండిది అయితే హైడ్రోజన్ పెరాక్సైడు, అమ్మోనియా సమపాళ్ళలో కలిపి దూదితో తేలిగ్గా తుడవచ్చు, గాలి ఆడేచోట. అప్పటికీ సాలెగూడులాంటి గీతలు మిగిలితే, ఫంగస్ పూతనో గాజునో తినేసిందని అర్థం. ఇక అక్కడితో ఆగిపోవాలి. పాలిష్ చేస్తే ఉన్న పూతా పోతుంది, గాజు వంపూ మారుతుంది. నాలుగు గీతలున్న కటకం ఫోటోలో కాస్త మెరుపు తగ్గిస్తుంది, అంతే. వంపు మారిన కటకం ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు ఆ "గనుక" సంగతి. లోపలి అద్దం మన ఇంటి అద్దంలాంటిది కాదు. దానికి పూత ముందువైపే ఉంటుంది. గుడ్డపెట్టి తుడిస్తే మురికితోపాటు అద్దమే ఊడొస్తుంది. మార్చక తప్పకపోతే ముందుపూత అద్దమే, అదే కొలతకి, అదే మందంలో కోయించి పెట్టాలి. మామూలు అద్దం ముక్క పెడితే బొమ్మ చూడ్డానికి ప్రకాశంగానే ఉంటుంది, కానీ వెలుతురు గాజులోంచి వెళ్ళి వెనక్కి వచ్చేసరికి జంట నీడలు పడతాయి, ఫోకసు జరిగిపోతుంది. అంటే పైన స్పష్టంగా కనిపించేది కింద మసగ్గా పడుతుంది. రెండు కటకాల మధ్య ఒప్పందం చెడిపోయిందన్నమాట. ఈ సంగతి పన్నెండు ఫోటోలు తీసి, కడిగించాక గానీ తెలియదు.

అందుకే లోపల ఏది కదిపినా సరే, చివర్లో ఒక పరీక్ష చేసి తీరాలి. వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే పట్టాల మీద ట్రేసింగ్ కాగితం బిగుతుగా అంటించాలి. షట్టరుని బి మీద పెట్టి తెరిచి ఉంచి, కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్‌నో నీళ్ళ ట్యాంకునో చూడాలి. భూతద్దంతో చూస్తూ కాగితం మీద బొమ్మ పదునుగా వచ్చేదాకా ఫోకసు గుండీ తిప్పాలి. అది గీత చివర, అనంతం గుర్తు దగ్గర రావాలి. ఆ తర్వాత పైన గాజుపలక మీద అదే టవర్ అంతే పదునుగా ఉందా? లేకపోతే పై కటకం బిగింపు వదులు చేసి, కొంచెం కొంచెం తిప్పి సరిచేయాలి. కిందది నిజం, పైది దానికి అనువాదం. అనువాదాన్నే సవరించాలి గానీ మూలాన్ని కాదు. పది రూపాయల కాగితం, ఓ అరగంట. ఇది చేయకుండా "రిస్టోర్ చేశా" అని అమ్మకానికి పెట్టేవాళ్ళని చూస్తే టెస్టింగు లేకుండా రిలీజు చేసే మేనేజర్లు గుర్తొస్తారు.

కింద పడ్డ కెమెరా అయితే ఇంకొక్క కొలత. కటకాల పలక నాలుగు మూలల్లోనూ డబ్బానుంచి ఒకే దూరంలో ఉందా అని వెర్నియరు కాలిపరుతో చూడాలి. ఒక మూల తేడా ఉంటే ఫోటోలో ఒక పక్క ఎప్పుడూ మసగ్గానే ఉంటుంది. దాన్ని చేత్తో వంచి సరిచేయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. నా హద్దు అక్కడే గీసుకున్నాను.

ఇక సొట్టలూ, తోలూ, రంగూ. నాకు అసలు కోపం ఇక్కడే. ఈ మధ్య పాత కెమెరాలకి అసలు తోలు పీకేసి ఎర్రదో పచ్చదో అంటించి, నల్లరంగు గీకి ఇత్తడి తేల్చి, ఎక్కువ ధరకి అమ్మడం ఒక ఫ్యాషనైపోయింది. లోపల షట్టరు మాత్రం ఆడదు. తోలు ఊడిపోతుంటే తప్పకుండా అంటించాలి, కానీ మళ్ళీ లేపగలిగే జిగురుతో, లేదా పల్చటి రెండువైపుల టేపుతో. దాని కిందే కదా స్క్రూలున్నది! ఫెవిక్విక్ లాంటివి మాత్రం కెమెరా దరిదాపుల్లోకి రానీయకండి. వాటి ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. పై మూత సొట్ట నేను అలాగే ఉంచేశాను. మూత తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, వెలుతురు రావట్లేదు. ఆ సొట్ట దాని జీవితంలో ఒక రోజు. దాన్ని చెరిపే హక్కు నాకుందని అనుకోను.

"ఇంత గొడవెందుకు, మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా" అనొచ్చు మీరు. మంచి మెకానిక్కు దొరికితే తప్పకుండా ఇవ్వండి, అడిగినంతా ఇవ్వండి, పక్కన కూర్చుని చూడండి. కానీ ఈ పని తెలిసినవాళ్ళు మన రాష్ట్రాల్లో వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు, వాళ్ళ పిల్లలెవరూ ఈ పనిలోకి రావట్లేదు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. అది మన చేతుల్లోకి రాకపోతే, వాళ్ళతోపాటే పోతుంది. ఇది డబ్బు మిగుల్చుకునే వ్యవహారం కూడా కాదు. పనిముట్లు, సమయం లెక్కేసుకుంటే ఇంట్లో చేసుకోవడం చవకేమీ కాదు.

మరమ్మతు హక్కు గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని వస్తువులు ఎంత సులభంగా బాగుచేయొచ్చో మార్కులేసి చూపించాలని చట్టం తెచ్చారు. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో దీనిమీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టలు పెట్టింది. మంచిదే. కానీ హక్కు అనేది సగమే. జిగురుతో అంటించిన ఫోనుని విప్పనివ్వమని కంపెనీలని అడిగే మనం, విప్పడానికి అన్నివిధాలా వీలుగా చేసిపెట్టిన వస్తువుని ఎలా విప్పుతున్నామన్నది కూడా చూసుకోవాలి కదా. వాళ్ళు స్క్రూ పెట్టినచోట మనం ఫెవిక్విక్ పెడితే, ఇక ఫిర్యాదు ఎవరిమీద?

కాబట్టి ఎవరైనా మొదలుపెట్టేవాళ్ళుంటే నా సలహా ఇంతే. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు లేకుండా ఏ స్క్రూనీ తిప్పొద్దు. ప్రతి మెట్టుకీ ఫోటో తీసుకోండి. కటకం తిప్పేముందు గుర్తు పెట్టుకోండి. చెడిపోయినదాన్నే ముట్టుకోండి, పాతబడిందని కాదు. అన్నీ అయ్యాక చిన్న కాగితం మీద ఏ తేదీన ఏం తీశారో, ఏం మార్చారో, ఏం అలాగే వదిలేశారో రాసి కెమెరాతోపాటు ఉంచండి. నూనె పోసినాయనకీ గీత గీసినాయనకీ తేడా స్క్రూడ్రైవర్‌లో లేదు. తన తర్వాత ఇంకొకడు వస్తాడని గుర్తుండటంలో ఉంది.

ఏమంటారు?